పతకం రాని డాట్ ఆంటీకి శాలువా

మొన్న లూయస్ ట్రామ్‌లో కూర్చుని ఫోన్‌లో చెత్త డిలీట్ చేస్తున్నా. స్టోరేజ్ ఫుల్ అని రోజుకి నాలుగుసార్లు చెప్తోంది, నాకేమో ఏ విషయమైనా రెండోసారి చెప్తే ఒళ్ళు మండుతుంది. గుడ్ మార్నింగ్ గులాబీలు, ఎవరివో పెళ్ళి కార్డులు, అమ్మ ఫార్వర్డ్ చేసిన కషాయాల వీడియోలు, అన్నీ టిక్ పెట్టుకుంటూ పోతుంటే మధ్యలో ఆ ఫ్లయర్ తగిలింది. నాలుగు మూలలా తామరపూలు, పైన వరసగా సూట్లు వేసుకున్న తెలుగువాళ్ళ కమిటీ అంకుళ్ళు, మధ్యలో గుండ్రటి ఫ్రేములో మా పక్కింటి డాట్ ఆంటీ. తోటలో టోపీ పెట్టుకుని ఎండకి కళ్ళు చికిలించి నవ్వుతోంది. ఆ ఫొటో తీసింది నేనే. దాని కింద రాసిన అబద్ధానికి సరే అన్నదీ నేనే. చూస్తూ కూర్చుండిపోయా, దిగాల్సిన స్టాప్ వెళ్ళిపోయింది.

అప్పట్లో మేం బోమాంట్‌లో ఉండేవాళ్ళం, అమ్మ డాక్టర్‌గా చేసే హాస్పిటల్‌కి నడిచి వెళ్ళేంత దగ్గర. నేను పెరిగింది విజయవాడ సత్యనారాయణపురంలో, అపార్ట్‌మెంట్ మూడో ఫ్లోర్‌లో. పన్నెండేళ్ళకి ఐర్లాండ్ వచ్చా. లాక్‌డౌన్ పెట్టేనాటికి నాకు పదహారు. అమ్మమ్మ ఆరు వారాలుండి పోదామని వచ్చి, విమానాలు ఆగిపోయి, ఏడాదిన్నర ఉండిపోయింది. ఆ ఇంట్లో రోజంతా ఒకటే వరస. నాన్నకి లెపర్డ్స్‌టౌన్‌లో ఆఫీసు, కానీ ఆఫీసు మూసేశారు కాబట్టి పైన చిన్న గదిలో పొద్దస్తమానం కాల్స్. పదకొండున్నరకి అమ్మమ్మ పోపు పెట్టేది, ఎండుమిరపకాయలు వేగగానే స్మోక్ అలారం కుయ్యోమనేది, నాన్న పైనుంచి నేల మీద కాలితో తన్నేవాడు, అమ్మమ్మ తువ్వాలు పట్టుకుని అలారం కింద నిలబడి విసిరేది. "ఇదేం దేశమే, అన్నం వండుకుంటే సైరన్ మోగిస్తారు" అనేది. సాయంత్రం అమ్మ పక్క గేటులోంచి వెనక్కి వచ్చి, బట్టలు నేరుగా వాషింగ్ మెషీన్లో పడేసి, స్నానం చేసి బయటికొచ్చేదాకా ఎవరం దగ్గరికి వెళ్ళేవాళ్ళం కాదు. అమ్మ దగ్గర సబ్బు వాసన, శానిటైజర్ వాసన, వాటి కింద నిద్ర చాలని మనిషి వాసన. నేను మెట్ల మీద కూర్చుని ఫోన్ చూసుకునేదాన్ని. స్కూల్ ఫోన్‌లో, ఫ్రెండ్స్ ఫోన్‌లో, కోపం కూడా ఫోన్‌లోనే. ఒకసారి వైఫై పోయిందని కిచెన్‌లో ప్రెస్ (ఇక్కడ అల్మరాని అలాగే అంటారు) తలుపు విసిరి కొడితే బందు ఊడి చేతికొచ్చింది. అమ్మమ్మ దాన్ని చూసి, "మీ తాత కోపం. ఆయన పళ్ళేలు విసిరేవాడు, నువ్వు తలుపులు విసురుతున్నావు" అని మళ్ళీ చారు కలుపుకుంటూ కూర్చుంది.

డాట్ ఆంటీకి డెబ్భై దాటాయి. ఐర్లాండ్‌లో అప్పుడు డెబ్భై దాటినవాళ్ళు గడప దాటకూడదు, దానికి కకూనింగ్ అని పేరు పెట్టారు. ఆవిడ ఆస్ట్రేలియా మనిషి. ఐరిష్ ఆయన్ని పెళ్ళి చేసుకుని నలభై ఏళ్ళ క్రితం వచ్చింది, ఆయన పోయాడు, పిల్లల్లేరు. ఆవిడ సరుకులు నేనే తెచ్చేదాన్ని. మంచితనం అనుకునేరు, ఇంట్లోంచి బయటపడ్డానికి నాకు దొరికిన ఒకే ఒక్క కారణం అది. రెండు తోటల మధ్య నడుం ఎత్తు గోడ. దానికి అటు డాట్ ఆంటీ కుర్చీ, ఇటు అమ్మమ్మ కుర్చీ. ఒకరికి తెలుగు రాదు, ఒకరికి ఇంగ్లీష్ రాదు, మధ్యలో నేను ఫోన్ చూసుకుంటూ అనువాదం. అమ్మమ్మ గోడ మీద స్టీలు డబ్బాలో పులిహోరో, గారెలో పెట్టేది. మొదటిసారి డబ్బా ఖాళీగా తిరిగొస్తే అమ్మమ్మ నన్ను పిలిచి, "గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని చెప్పవే. ఏదో ఒకటి, పంచదారైనా సరే వెయ్యమను" అంది. నాకు తల తీసేసినట్టయింది. చెప్పా. డాట్ ఆంటీ పడిపడి నవ్వింది. అప్పట్నించీ డబ్బాలో నిమ్మకాయో, స్కోన్ బన్నులో, తోటలో పువ్వో ఉండేది. ఒకసారి రెండు టీ బ్యాగులు. "డాటమ్మకి పద్ధతి తెలిసింది" అని అమ్మమ్మ మురిసిపోయేది.

ఆ ఏడు ఒలింపిక్స్ వాయిదా వేశారని న్యూస్ వచ్చింది కదా. అది గోడ దగ్గర చదివి వినిపిస్తే డాట్ ఆంటీ చేతిలో కప్పు గోడ మీద పెట్టింది. తర్వాత, "పాపం పిల్లలు, ఏడాది ఆగాలి. నేనూ ఒకసారి వెళ్ళాలే" అంది, బజారుకెళ్ళానన్నట్టు. పదిహేడేళ్ళప్పుడు. ఆడపిల్లల రిలే ఈత, నలుగురు, తలా వంద మీటర్లు. పొద్దున హీట్స్ పెడతారు, అంటే ఫైనల్‌కి ఎవరు వెళ్ళాలో తేల్చే రేసులు. డాట్ ఆంటీ ఆ హీట్‌లో ఈదింది, టీమ్‌ని ఫైనల్‌కి చేర్చింది. ఫైనల్‌కి కోచ్ ఆవిణ్ణి తీసేసి ఆవిడ బెస్ట్ ఫ్రెండ్ లోర్నాని దింపాడు. అలా చెయ్యడం మామూలే అట. టీమ్‌కి వెండి పతకం వచ్చింది. ఆ రోజుల్లో ఫైనల్లో ఈదినవాళ్ళకే పతకం. హీట్‌లో ఈదినవాళ్ళకి కూడా ఇవ్వాలని రూల్ మారింది చాలా ఏళ్ళ తర్వాత, అది పాతవాళ్ళకి వర్తించదు.

"మరి ఈమెకేం ఇచ్చారు?" అంది అమ్మమ్మ.

అడిగా. "ఫైనల్ చూడ్డానికి మంచి సీటిచ్చారు" అంది డాట్ ఆంటీ.

అమ్మమ్మ నవ్వలేదు. నాకైతే నెత్తికెక్కింది. అక్కడే వెతికా, ఒలింపిక్స్ రికార్డుల సైట్లో ఆవిడ పేరుంది, పతకం గడిలో ఒక గీత. "ఇది దొంగతనం ఆంటీ" అన్నా. "కాదు, రూలు" అంది. ఆ తర్వాత రోజులన్నీ ఆవిడ తన మనుషుల గురించి చెప్తూ వచ్చింది. ఆస్ట్రేలియాలో పెద్ద పెద్ద పేర్లు అందరికీ తెలుసు, వాళ్ళకి విగ్రహాలు, స్టాంపులు, వీధులు ఉన్నాయి. డాట్ ఆంటీ గుర్తుపెట్టుకునేది మిగతావాళ్ళని. హీట్‌లో ఏడో స్థానంలో వచ్చి ఇంటికెళ్ళి చేపల కొట్టు పెట్టుకున్నమ్మాయి. కాలు బెణికి స్టార్ట్ దగ్గరే ఆగిపోయిన హర్డిల్స్ పిల్ల. రిజర్వులో కూర్చుని ఒక్కసారి కూడా నీళ్ళలో దిగని కుర్రాడు, ఇప్పుడు తాతయ్య. ఎవరి రేసు రోజు వస్తే వాళ్ళకి ఫోన్ చేసేది. పుట్టినరోజుకి కాదు, రేసు రోజుకి. "ఇవాళ నువ్వు ఈదావు" అని చెప్పి, ఆ రోజు నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో, ఎవరు ఏ లైనులో ఉన్నారో మాట్లాడుకునేవాళ్ళు. ఆవిడ రేసు రోజు మాత్రం లోర్నా చేసేది. ఒక్క ఏడాది కూడా తప్పలేదట.

సన్మానం ఆలోచన అమ్మమ్మది. "ఒలింపిక్స్‌కి వెళ్ళొచ్చిన మనిషి గోడ పక్కన కూర్చుంటే శాలువా కప్పకుండా ఎలా ఉంటామే? అక్కడ మనవాళ్ళు మండలంలో కబడ్డీ ఆడినా కప్పుతారు" అంది. ఇక్కడి తెలుగువాళ్ళందరూ కలిసి నెలకోసారి ఆదివారం పొద్దున జూమ్‌లో ప్రోగ్రామ్ పెట్టేవాళ్ళు. పిల్లల పాటలు, ఒక డాక్టర్ మాస్క్ గురించి చెప్పడం, ఎవరికో ఒకరికి సన్మానం. దాన్ని చూసుకునే కల్చరల్ సెక్రటరీ అంకుల్‌కి నేనే ఫోన్ చేశా. డాట్ ఆంటీని అడిగితే, ఆవిడ సిగ్గుపడిపోయి, "నాకా? ఎందుకు?" అని, అమ్మమ్మ వైపు చూసి, "సరే, మీ గ్రానీ కోసం" అంది. ఆ సరే వెనకాల యాభై ఏళ్ళు ఉన్నాయని నాకు తెలీలేదు. ఎవరైనా ఒలింపిక్స్ అనగానే పతకం ఏదీ అని అడుగుతారని ఆవిడ ఆ వీధిలో ఇన్నేళ్ళు ఎవ్వరికీ చెప్పలేదు. మాకే చెప్పింది.

రెండ్రోజుల తర్వాత అంకుల్ ఫోన్. నేను అదే సమయంలో ఇన్‌స్టాలో ఎవరితోనో గొడవలో ఉన్నా.

"అమ్మా, వాళ్ళ టీమ్‌కి సిల్వర్ వచ్చిందన్నావ్ కదా?"

"వచ్చింది అంకుల్."

"ఆమె ఆ టీమే కదా?"

"ఆ టీమే."

"మరింకేం తల్లీ, ఒలింపిక్ రజత పతక విజేత అని వేసేస్తా. హీటూ గీటూ అంటే మనవాళ్ళకి ఎవరికి అర్థమవుద్ది?"

"సరే అంకుల్, వేసెయ్యండి" అన్నా, వేలు ఇంకో స్క్రీన్ మీద ఉంది.

ఫ్లయర్ వచ్చింది. తెలుగులో, ఇంగ్లీషులో. తామరపూలు చూసి నవ్వుకుని, ఒక్క అక్షరం చదవకుండా డాట్ ఆంటీకి పంపేశా, పక్కన మూడు చప్పట్ల బొమ్మలు. ఆవిడ అప్పుడు తోటలో ఉంది, కళ్ళద్దాలు లేవు. తామరపూలు బాగున్నాయని తనూ చదవకుండానే పెర్త్‌లో ఉన్న మేనకోడలికి పంపింది. ఆ పిల్ల గర్వంగా ఫేస్‌బుక్‌లో పెట్టింది. పాత ఈతగాళ్ళ మనవలు, ముని మేనల్లుళ్ళు అందరూ అక్కడే ఉంటారు కదా. సాయంత్రానికి ఒకడు రాశాడు, "ఈమె ఫైనల్లో లేదు. పతకం మా నానమ్మది." ఇంకెవరో వయసు మీద పడితే ఇలాంటివే చెప్పుకుంటారన్నారు. లోర్నా నుంచి డాట్ ఆంటీకి ఒకే ఒక్క మెసేజ్ వచ్చింది. "ఎప్పటినుంచి, డాట్?" ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

మర్నాడు డబ్బా గోడ మీద ఉంది. అమ్మమ్మ మూత తీసి చూసింది. కడిగి, తుడిచి, ఖాళీగా. మూత మళ్ళీ పెట్టి లోపలికొచ్చి, "ఏం చేశావే?" అంది. నన్నే అడిగింది, ఇంకెవర్నీ కాదు.

"నేనేం చేశా? ఖాళీ డబ్బా వస్తే నాదా తప్పు?"

"ఆ మనిషి మర్చిపోయే మనిషి కాదు. ఏం చేశావు?"

అప్పుడు తీసి చదివా ఫ్లయర్. చదివాక నాకొచ్చింది సిగ్గు కాదు, కోపం. నేను ఆవిడ కోసం ఇంత చేస్తే ఆవిడ అలగడం ఏంటి? ఒక్క మాట తేడాకి? అంకుల్‌కి ఫోన్ చేసి అరిచా. "మార్చండి అంకుల్." "ఎలా మారుస్తామమ్మా, అన్ని గ్రూపుల్లోకీ వెళ్ళిపోయింది. టీమ్‌కొచ్చింది, ఆమె టీమ్‌లో ఉంది. మనవాళ్ళేమన్నా సర్టిఫికెట్ అడుగుతారా?" "ఆమె అడుగుతుంది అంకుల్!" అని పెట్టేశా. ఆ మాట నా నోట్లోంచి వచ్చాకే నాకు అర్థమైంది, ఆవిడ ఎందుకు బాధపడిందో.

ఇంత పొడుగు సారీ టైప్ చేశా. చెరిపా. మళ్ళీ చేశా. అమ్మమ్మ వెనకనుంచి చూసి, "ఆ వేళ్ళతోనే కదా చెడగొట్టావు. కాళ్ళతో వెళ్ళు" అంది. వెళ్ళా. వాన తుప్పర పడుతోంది. బెల్లు కొట్టి రెండు మీటర్లు వెనక్కి వచ్చి గేటు దగ్గర నిలబడ్డా. డాట్ ఆంటీ తలుపు తీసింది. చేతిలో టీ కప్పు, కళ్ళ కింద వాపు. ఆవిడ అన్నదంతా ఇంగ్లీషులోనే, నేను నా తెలుగులో రాస్తున్నా.

"సారీ ఆంటీ. నేను చదవలేదు. పతకం ఉందని వేస్తే గొప్పగా ఉంటుందని..."

"నా దగ్గర ఒకటుంది పిల్లా," అంది. "పెద్దది కాదు. ఒక పొద్దున, ఒక హీటు, వంద మీటర్లు. అది నాది. నువ్వు దాన్ని చెరిపేసి, దాని మీద నా ఫ్రెండ్ పతకం అంటించావు. ఇప్పుడు నేను నిజంగా ఈదింది కూడా ఎవరూ నమ్మరు."

నాకు ఎదురు వాదించాలనిపించలేదు. జీవితంలో మొదటిసారి అనుకుంటా.

"లోర్నా గారు ఏమన్నారు?"

"ఫోన్ ఎత్తట్లేదు" అని తలుపేసుకుంది. గట్టిగా కాదు, మామూలుగానే. గట్టిగా వేసినా బావుండేది.

ఆ రాత్రి నాన్న లాప్‌టాప్ అడుక్కుని ఫ్లయర్ నేనే మళ్ళీ చేశా. ఫేస్‌బుక్‌లో ఆ పోస్టు కింద, తప్పు నాదని, డాట్ ఆంటీ ఎప్పుడూ ఎక్కడా పతకం ఉందని చెప్పలేదని నా పేరుతో రాశా. దాని కింద నన్ను తిట్టారు. తిట్లకి తిరిగి తిట్టకుండా ఉండటం నాకు ఎంత కష్టమో మా ఇంట్లోవాళ్ళకే తెలుసు. మేనకోడల్ని బతిమాలి లోర్నా మెయిల్ తీసుకుని, అదే రాసి, జూమ్ లింకు కూడా పెట్టా. జవాబు రాలేదు. డాట్ ఆంటీకి కొత్త ఫ్లయర్ ప్రింట్ తీసి తలుపు సందులోంచి వేశా. సాయంత్రం ఫోన్‌లో ఒక్క మాట వచ్చింది. "గ్రాండ్." ఐర్లాండ్‌లో ఆ మాటకి సంతోషం అనే అర్థం లేదు, ఏడవడం లేదు అనే అర్థం ఉంది. అయినా ఆదివారం గోడ దగ్గరికొస్తానంది.

ఆదివారం పదకొండు. నేను ఇటువైపు ఫోన్ పట్టుకుని నిలబడ్డా, అటువైపు డాట్ ఆంటీ లిప్‌స్టిక్ వేసుకుని, నీలం కార్డిగన్‌లో. అమ్మమ్మ పట్టుచీర, కింద నాన్న స్పోర్ట్స్ షూ. స్క్రీన్ నిండా చిన్న చిన్న గళ్ళలో తెలుగు కుటుంబాలు, సగం మంది టిఫిన్ తింటున్నారు. అంకుల్ మొదలుపెట్టబోతే, "పరిచయం నేను చేస్తా అంకుల్" అన్నా. ఆయన మొహంలో భయం కనిపించింది.

"ఈవిడకి పతకం రాలేదు" అన్నా. ఎవరో ఇడ్లీ నమలడం ఆపారు. "ముందు మీకు వచ్చిన ఫ్లయర్ తప్పు. తప్పు నాది. ఈవిడ హీట్‌లో ఈదారు. ఈవిడ ఈదకపోతే ఆ టీమ్ ఫైనల్‌కి లేదు. సన్మానం దానికి." తెలుగులో చెప్పి, మళ్ళీ ఇంగ్లీషులో చెప్పా. డాట్ ఆంటీ గోడ మీద రెండు చేతులూ ఆనించి వింటోంది.

శాలువా అమ్మమ్మ భుజం మీదదే. చలికని తెచ్చుకుంది, తాతయ్య రిటైర్‌మెంట్‌కి స్కూల్‌వాళ్ళు కప్పింది. రెండు మీటర్ల కన్నా దగ్గరికెళ్ళి కప్పకూడదు కదా, దాన్ని మాప్ కర్రకి తగిలించి గోడ మీదుగా చాచింది. కర్ర ఊగింది, శాలువా డాట్ ఆంటీ నెత్తి మీద ముసుగులా పడింది. స్క్రీన్ మీద పిల్లలంతా విరగబడి నవ్వారు. డాట్ ఆంటీ కూడా నవ్వుతూ సర్దుకుంటోంది, అప్పుడు ఒక గడి కొత్తగా వెలిగింది. అందులో ఒక నుదురు, తెల్ల జుట్టు, వెనక సీలింగ్ ఫ్యాన్. పేరు లోర్నా.

"డాట్, కనిపిస్తున్నానా?"

"నీ నుదురు కనిపిస్తోంది" అంది డాట్ ఆంటీ.

"సరే విను. ఇక్కడ ఉన్నవాళ్ళందరూ వినాలి. పొద్దున హీట్‌లో డాట్ టైమ్, సాయంత్రం ఫైనల్లో నా టైమ్ కన్నా తక్కువ. తను నాకన్నా వేగంగా ఈదింది. ఈ విషయం నాకు తెలుసు, తనకి తెలుసు. యాభై ఏళ్ళు తను ఒక్కసారి కూడా అనలేదు. మొన్న ఆ కాగితం చూసి, ఇన్నాళ్ళకి అడగడానికి వచ్చిందనుకున్నా. భయమేసి ఫోన్ ఎత్తలేదు."

నేను అమ్మమ్మకి తెలుగులో చెప్తున్నా. డాట్ ఆంటీ గోడ మీదుగా వంగి నా ఫోన్ వైపు చూసింది.

"నువ్వు ఆ రోజు మధ్యాహ్నం నుంచి వాంతులు చేసుకుంటున్నావు లోర్నా," అంది. "బకెట్ పట్టుకుంది నేనే. అలా ఉండి కూడా దూకావు. నేనైతే దూకేదాన్ని కాదు."

ఇద్దరూ ఏడవలేదు. నీళ్ళ గురించి, కోచ్ టోపీ గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. జూమ్ టైమ్ అయిపోతోందని అంకుల్ రెండుసార్లు దగ్గాడు, ఎవరూ పట్టించుకోలేదు. అందరూ వెళ్ళిపోయాక కూడా ఫోన్ గోడ మీద పూలకుండీకి ఆనించి, వాళ్ళిద్దర్నీ వదిలేసి లోపలికొచ్చా. ఆ రోజుల్లో నేను ఫోన్ లేకుండా ఉన్న గంట అదొక్కటే.

ఏడాది తర్వాత ఒలింపిక్స్ జరిగాయి. ఫైనల్స్ ఇక్కడ తెల్లవారుజామున, హీట్స్ మధ్యాహ్నం భోజనాల వేళకి. డాట్ ఆంటీ ఫైనల్స్‌కి లేవనంది. వ్యాక్సిన్లు అయ్యాయి కాబట్టి అమ్మమ్మా నేనూ ఆవిడ హాల్లోనే సోఫాలో కూర్చున్నాం. అమ్మమ్మకి తిరుగు టికెట్ అప్పటికే వచ్చింది, వచ్చే వారం వెళ్ళిపోతోంది. ఆస్ట్రేలియా ఆడపిల్లలు రిలే హీట్‌లో దూకారు. డాట్ ఆంటీ అరవలేదు, చప్పట్లు కొట్టలేదు. పెదాలు కదుపుతూ ఒక్కొక్కళ్ళ పేరు అనుకుంది. మర్నాడు పొద్దున ఆస్ట్రేలియా బంగారు పతకం గెలిచిందని ఫోన్‌లో చూసి పరిగెత్తా. ఆవిడ కెటిల్ పెడుతోంది. "నిన్న ఈదిన పిల్లలకి కూడా ఇస్తారు కదా?" అంది. ఇస్తారన్నా. "ఫైనల్లో లేనివాళ్ళ పేర్లు చెప్పు. తప్పు చదవకు." రెండు సైట్లలో చూసి, సరిపోల్చుకుని చదివా. మళ్ళీ చదవమంది. చదివా.

ఇప్పుడు అమ్మమ్మ విజయవాడలో, మేం వేరే అద్దె ఇంట్లో. కిందటి చలికాలంలో డాట్ ఆంటీ లోర్నా ఉండే ఊరికి మారిపోయింది, నాకు మెసేజ్‌లు పెడుతుంది, అన్నీ స్పెల్లింగ్ తప్పులే. నా కోపం అలాగే ఉంది, ఫోన్ అలాగే ఉంది. కాకపోతే ఏదైనా పంపేముందు చదువుతున్నా. ఆ ఏడు రిలే ఫైనల్లో ఎవరు ఈదారని మీరు ఇప్పుడు నన్ను అడిగితే ఫోన్‌లో వెతికి చెప్పాలి. హీట్‌లో మాత్రమే ఈదిన ఆ పిల్లల పేర్లు వెతకక్కర్లేదు.